నాన్నగారికి మడత వీల్‌చైర్: ర్యాంపు, గడప, బ్రేకులు, బాత్రూం గురించి సలహా కావాలి

బెజవాడ_బుల్లోడు

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. వయసు 67, బరువు 76 కిలోలు. కుడివైపు బలం బాగానే ఉంది, పట్టుకుంటే అర నిమిషం నిలబడగలరు. మామూలు మడత వీల్‌చైర్ కొన్నాం. వెనక 24 అంగుళాల గాలి టైర్లు, ముందు 8 అంగుళాల చిన్న చక్రాలు. మొత్తం వెడల్పు ఇరవై ఐదున్నర అంగుళాలు, కుర్చీ బరువు 18 కిలోలు. పగలంతా తోసేది అమ్మ ఒక్కతే.

ఇబ్బందులివి. వరండా వాకిలి కంటే 18 అంగుళాల ఎత్తు. బైకు ఎక్కించడానికి కట్టించిన 4 అడుగుల ర్యాంపు మీద అమ్మ కుర్చీని ఎక్కించలేకపోతోంది, దింపాలంటే భయపడుతోంది. ఇంటి ముందు ఖాళీ స్థలం లోతు 11 అడుగులు, వెడల్పు 30. గడప 3 అంగుళాలు. మంచం మీద నుంచి మార్చేటప్పుడు బ్రేకులు వేసినా కుర్చీ వెనక్కి జరుగుతోంది. బాత్రూం ద్వారం 24 అంగుళాలే. వారానికి రెండుసార్లు కారులో ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి, అది మొదటి అంతస్తు, లిఫ్టు లేదు, 14 మెట్లు. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

---

స్పానర్_పది

ముందు బ్రేకు సంగతి చూడండి. ఈ కుర్చీల బ్రేకంటే ఒక ఇనుప కడ్డీ వచ్చి టైరుని నొక్కడం, అంతే. టైరులో గాలి తగ్గితే ఆ కడ్డీకి నొక్కడానికి ఏమీ దొరకదు. "బ్రేకు పనిచెయ్యట్లేదు" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి పంపు కొడితే సరిపోతుంది.

ఎంత గాలి ఉండాలో టైరు పక్కన అచ్చులో పీఎస్‌ఐ అంకె ఉంటుంది. సైకిలు పంపుతో కొట్టండి. పెట్రోలు బంకులో వద్దు. ఈ ట్యూబులో పట్టే గాలే కొంచెం, ఆ కంప్రెసర్ ధాటికి క్షణంలో పగిలిపోతుంది. రెండు చక్రాల్లోనూ గాలి సమానంగా ఉండాలి, లేకపోతే కుర్చీ గాలి తక్కువున్న వైపుకే లాగుతుంది.

గాలి నింపాకే బ్రేకు సర్దండి, ముందు సర్దితే మళ్ళీ చెయ్యాల్సి వస్తుంది. ఫ్రేముకి పట్టించిన క్లాంపు బోల్టు చాలా మోడళ్ళకి 10 నంబరు స్పానరుతో, కొన్నిటికి 5 ఎంఎం ఎలెన్ కీతో వదులవుతుంది. బ్రేకుని చక్రం వైపు జరిపి, వేసినప్పుడు కడ్డీ టైరులోకి 4 మిల్లీమీటర్ల దాకా దిగేలా బిగించండి. ఇంకా దగ్గరికి జరిపితే లివరు వెయ్యడానికి అమ్మగారి బలం చాలదు, క్లాంపు కూడా వంగుతుంది. ఖాళీ కుర్చీకి రెండు బ్రేకులూ వేసి వెనక నుంచి తోసి చూడండి. చక్రాలు తిరగకుండా నేల మీద ఈడ్చుకుపోతే బాగున్నట్టు, తిరిగితే ఇంకాస్త జరపాలి.

మీ గదిలో నున్నటి గ్రానైటో టైల్సో ఉంటే చక్రం కదలకపోయినా కుర్చీ మొత్తం జారుతుంది. వెనక చక్రాల కింద పలచటి రబ్బరు మ్యాటు వెయ్యండి, లేదా కుర్చీ వీపు గోడకి ఆనేలా పెట్టండి. ఇంకొకటి, మార్చే ముందు కుర్చీని అడుగు ముందుకి పోనిచ్చి కాస్త వెనక్కి లాగండి. చిన్న చక్రాలు ముందు వైపుకి తిరుగుతాయి. అప్పుడు కుర్చీ ఆనుకునే చోటు పొడుగవుతుంది, ఆయన అంచుకి జరిగినప్పుడు ముందుకి తూలదు.

ఎడమ బ్రేకు ఆయన చేతికి అందదు కదా. ఆ లివరుకి సరిగ్గా పట్టే పీవీసీ పైపు ముక్క, 8 అంగుళాలది, తొడిగి స్క్రూ వెయ్యండి. కుడి చేత్తో వంగి వేసుకోగలరు. ఒక్క బ్రేకే వేసి లేవబోతే కుర్చీ గిర్రున తిరిగి మనిషి పడిపోతాడు. కుర్చీ కదులుతున్నప్పుడు బ్రేకు ముట్టుకోవద్దని కూడా చెప్పండి. ఇది నిలిపి ఉంచడానికే, వేగం తగ్గించడానికి కాదు.

---

మేస్త్రీ_లెక్క

ఆ బైకు ర్యాంపుని మర్చిపోండి. 4 అడుగుల పొడవులో 18 అంగుళాలు ఎక్కడమంటే కుర్చీతో కలిపి 94 కిలోల బరువుని వాలు మీద కదలకుండా పట్టుకోవడానికే దాదాపు 33 కిలోల బలం కావాలి. తోయడానికి ఇంకా ఎక్కువ. దింపేటప్పుడు అంతే బలంతో ఆపుకోవాలి. అమ్మగారి భయంలో న్యాయం ఉంది.

వీల్‌చైర్ ర్యాంపుకి మన జాతీయ భవన నిర్మాణ కోడ్ చెప్పే వాలు 1:12. అంగుళం ఎత్తుకి అడుగు పొడవన్నమాట. అదే బరువుకి అప్పుడు 8 కిలోల బలం చాలు. మీ 18 అంగుళాలకి 18 అడుగులు కావాలి. 11 అడుగుల్లో ఎలాగంటారా, గేటు వైపుకి కాకుండా ఇంటి ముందు గోడ వెంబడే అడ్డంగా కట్టండి. గుమ్మం ముందు 5 అడుగుల చదరపు సమతలం, అక్కడ నుంచి 18 అడుగుల వాలు, కింద కుర్చీ తిరగడానికి మరో 5 అడుగులు. మొత్తం 28, మీకు 30 ఉంది. వెడల్పు 4 అడుగులు వేస్తే ముందు ఇంకా 7 అడుగులు మిగులుతుంది. పైన ఆ సమతలం మాత్రం వదలొద్దు. అది లేకపోతే అమ్మగారు వాలు మీదే ఒక చేత్తో కుర్చీని ఆపుతూ ఇంకో చేత్తో తలుపు తియ్యాలి.

బయటి అంచుకి 3 అంగుళాల గట్టు కట్టించండి, చిన్న చక్రం పక్కకి జారిపోకుండా. పైన సిమెంటు తడిగా ఉన్నప్పుడే చీపురుతో అడ్డంగా గీతలు లాగమనండి. అందం కోసం నున్నటి టైల్సు పరిపిస్తారు చాలామంది, వాన పడిన రోజు తెలుస్తుంది.

గడపకి రెండు వైపులా చెరో 3 అడుగుల వాలు చెక్క చాలు. నీటికి తట్టుకునే 19 ఎంఎం ప్లైవుడ్, 30 అంగుళాల వెడల్పు, కింద ఆసరా చెక్కలు, పైన గరుకు రబ్బరు షీటు. నేలని తాకే అంచుని బాగా పలచగా చెక్కించండి, అర అంగుళం మందం మిగిలినా చిన్న చక్రం తన్నుకుంటుంది. గడపకి మేకులు కొట్టక్కర్లేదు. వాలు చెక్క కింద, గడపకి ఆనే చోట ఒక పట్టీ దిగేస్తే జరగదు. పసుపు రాసుకునే రోజున తీసి పక్కన పెట్టుకోవచ్చు.

బాత్రూం ద్వారంలో ఈ కుర్చీ పట్టదు, పట్టించే ప్రయత్నమూ చెయ్యొద్దు. తడి తగిలితే బేరింగులు తుప్పు పడతాయి. సన్నటి కమోడ్ వీల్‌చైర్ వేరే తీసుకోండి. నాలుగు చక్రాలకీ లాక్ ఉన్నది, 22 అంగుళాల లోపు వెడల్పుది, మీ వెస్టర్న్ కమోడ్ మీదుగా సరిగ్గా దూరే ఎత్తుది. కొనే ముందు కమోడ్ పైఅంచు ఎత్తు టేపుతో కొలిచి వెళ్ళండి. తలుపు లోపలికి తెరుచుకునేదైతే బయటికి మార్పించండి. లోపల ఎవరైనా పడితే ఆ మనిషే తలుపుకి అడ్డమవుతారు. గోడ బారులు గోడకి ఒకటిన్నర అంగుళం దూరంలో, యాంకర్ బోల్టులతో బిగించాలి. టవల్ రాడ్డు మనిషి బరువు మొయ్యదు.

---

ఫిజియో_వరంగల్

మార్చడం గురించి నేను రాస్తాను. మీ నాన్నగారికి బలం కుడివైపు. కాబట్టి ఎప్పుడైనా వెళ్ళబోయే చోటు ఆయన కుడిపక్కన ఉండాలి. మంచం నుంచి కుర్చీలోకైతే కుర్చీ ఆయనకి కుడివైపు, మంచానికి 30 నుంచి 45 డిగ్రీల వాలుగా. తిరిగి మంచం మీదికి వెళ్ళేటప్పుడు కుర్చీని అదే చోట ఉంచితే మంచం ఎడమపక్కకి వస్తుంది. చాలా ఇళ్ళలో తేడా కొట్టేది ఇక్కడే. కుర్చీని తిప్పి, మంచం మళ్ళీ కుడివైపు వచ్చేలా పెట్టాలి.

పడుకున్న మనిషిని లేపిన వెంటనే నిలబెట్టకండి. మంచం అంచున రెండు మూడు నిమిషాలు కూర్చోబెడితే బీపీ సర్దుకుంటుంది. బ్రేకులు రెండూ వేసి, కాళ్ళు పెట్టుకునే పలకలు పైకి మడవండి. ఆ పలక మీద నిలబడితే కుర్చీ ముందుకి బోర్లా పడుతుంది. ఆయన్ని పరుపు అంచుకి జరిపి, పాదాలు రెండూ మోకాళ్ళ కంటే కాస్త వెనక్కి, నేలకి పూర్తిగా ఆనేలా పెట్టండి. అమ్మగారు ఎదురుగా నిలబడి తన మోకాళ్ళతో ఆయన ఎడమ మోకాలిని అడ్డుకోవాలి, అది ముందుకి మడత పడిపోకుండా. పట్టు నడుము దగ్గర, బట్టతో కుట్టించిన వెడల్పాటి బెల్టుకి. చంకల కింద చేతులు పెట్టి లేపడం, ఎడమ చెయ్యి పట్టి లాగడం రెండూ వద్దు, పడిపోయిన భుజం కీలు జారుతుంది. ఆయన తల మోకాళ్ళ కంటే ముందుకి వచ్చేంత వంగి, కుడి చేత్తో పరుపుని నొక్కి లేవాలి. నిటారుగా లేపబోతే బరువంతా మీ నడుం మీద పడుతుంది. కుర్చీ అంచు కాళ్ళ వెనక తగిలాకే, కుడి చేత్తో చేతి ఆసరా పట్టుకుని మెల్లగా కూర్చోవాలి. మధ్యలో కాళ్ళు తేలిపోతే పట్టుకుని వేలాడకండి, దగ్గరికి ఆనించుకుని నేల మీదికి మెల్లగా జార్చండి.

కూర్చున్నాక పిరుదులు సీటు చివరిదాకా వెళ్ళాయా చూడండి. ముందుకి జారి కూర్చుంటే గంటలో కిందికి దిగిపోతారు, నడుం దగ్గర చర్మం ఒరుసుకుంటుంది. బెల్టు పొట్ట మీద కాదు, తుంటి ఎముకల కిందుగా, తొడల మొదట్లో పడాలి. ఎడమ చెయ్యి ఒడిలో దిండు మీద ఉంచండి. ఎడమవైపు పడిపోయినవాళ్ళలో కొందరికి ఆ వైపు ధ్యాసే ఉండదు, చెయ్యి చక్రం ఊచల్లోకి జారినా తెలియదు. తోసే ముందు ప్రతిసారీ రెండు చేతులూ రెండు పాదాలూ ఎక్కడున్నాయో చూడాలి.

కుషను లేకుండా రెక్సిన్ సీటు మీద గంటలు కూర్చోబెట్టొద్దు. 3-4 అంగుళాల గట్టి ఫోమ్ కుషను వెయ్యండి. మందుల షాపులో అమ్మే గాలి రింగు వద్దే వద్దు. అది చుట్టూ ఒత్తి మధ్యలో రక్తప్రసారం తగ్గిస్తుంది. అరగంటకోసారి ముందుకి, పక్కలకి వంచి ఒకటి రెండు నిమిషాలు ఉంచండి. రాత్రి పిరుదుల మీద ఎర్రటి మచ్చ కనిపిస్తే వేలితో నొక్కి వదలండి. ఎరుపు తగ్గి తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటిమీద ఎరుపు తెలియదు, చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా ఉందా అని తడిమి చూడాలి.

ఆయన సొంతంగా కదలాలనుకుంటే కుడి పలక తీసేసి, కుడి చేత్తో చక్రాన్ని, కుడి కాలితో నేలని తోసుకోవచ్చు. కుషను వేశాక కూడా కుడి మడమ నేలకి ఆనాలి. ఆనకపోతే కాలు అందుకోవడానికి జారి కూర్చుంటారు.

---

రెండు_చేతులు_రెండు_చక్రాలు

వీధి సంగతులు కొన్ని. వీల్‌చైర్‌ని ఆపేది పెద్ద రాయి కాదు, చిన్న చక్రం దిగబడే అంగుళం సందు. కాలువ మీది జాలీ, రెండు నాపరాళ్ళ మధ్య ఖాళీ, లిఫ్టు గుమ్మం. అలాంటిచోట వెనక్కి తిప్పి పెద్ద చక్రాలని ముందు దాటించాలి. స్పీడ్ బ్రేకరు కూడా అంతే. ముందుకి వెళ్ళాల్సి వస్తే నిదానంగా, రెండు చిన్న చక్రాలూ ఒకేసారి తాకేలా నేరుగా ఎక్కాలి. ఏటవాలుగా వెళ్తే ఒక చక్రం గాల్లో ఉండి కుర్చీ పక్కకి ఒరుగుతుంది. వేగంగా వెళ్తే పాదాల పలక తగులుకుని మనిషి ముందుకి ఎగిరిపడతాడు.

ఒక్క మెట్టు ఎక్కించాలంటే ఎదురుగా వెళ్ళి, కుర్చీ వెనక కింద పొడుచుకొచ్చిన పైపు మీద పాదంతో తొక్కుతూ హ్యాండిల్ వెనక్కి వంచితే చిన్న చక్రాలు లేస్తాయి. వాటిని మెట్టు మీద పెట్టి, పెద్ద చక్రాలు మెట్టుకి ఆనేదాకా తోసి, అప్పుడు ఎత్తి దొర్లించాలి. చేతులతోనే ఎత్తబోతే నడుం పట్టేస్తుంది. వంచేముందు "వెనక్కి వంచుతున్నా" అని ఒక మాట చెప్పమనండి. చెప్పకుండా వంచితే ఎవరైనా భయంతో దేన్నో ఒకదాన్ని పట్టుకుంటారు, ఎక్కువసార్లు ఆ దొరికేది చక్రమే. దింపేటప్పుడు వెనక్కి తిరిగి, పెద్ద చక్రాలు ముందు దించాలి. ర్యాంపు ఎక్కేటప్పుడు ముందుకి తోయాలి, దిగేటప్పుడు అమ్మగారు కిందివైపు ఉండి కుర్చీని వెనక్కి దింపాలి.

హ్యాండిళ్ళకి కూరగాయల సంచి తగిలించొద్దు. ఆయన కూర్చున్నప్పుడు తెలియకపోవచ్చు, లేచిన క్షణంలో కుర్చీ వెల్లకిలా పడుతుంది. పంచె అంచు, అమ్మగారి కొంగు ఊచల్లో చుట్టుకోకుండా దోపుకోవాలి. వేసవిలో కుర్చీని ఎండలో వదిలితే రెక్సిన్, ఇనుప రింగు చుర్రుమంటాయి. స్పర్శ తగ్గిన ఒంటికి ఆ సంగతి బొబ్బ లేచాకే తెలుస్తుంది. వేడి టీ గ్లాసు ఒడిలో పెట్టి తోయడం కూడా ఆ జాబితాలోదే.

కారులో ముందు సీటు మేలు, పూర్తిగా వెనక్కి జరిపి. ఎడమ తలుపు దగ్గర కుర్చీని కారు మొహం వైపే పెడితే కారు సీటు ఆయనకి కుడివైపు వస్తుంది, ఎక్కడం సులువు. దిగేటప్పుడు మాత్రం ఎడమవైపు ముందు రావాలి. ఎక్కినంత తేలిగ్గా దిగుతారనుకోకండి, రెండో మనిషి ఉండాలి. తలుపు పట్టుకుని లేవనివ్వొద్దు, అది ఊగుతుంది. కుర్చీ మడవడానికి కుషను తీసి, పలకలు మడిచి, సీటు గుడ్డని మధ్యలో ముందూ వెనకా పట్టి పైకి లాగాలి. తెరిచేటప్పుడు సీటు పక్క పైపుల మీద అరచేతులతో నొక్కండి, వేళ్ళు లోపలివైపు ఉండాలి. పైపు చుట్టూ వేళ్ళు బిగిస్తే ఫ్రేము మధ్యలో నలిగిపోతాయి.

ఇక 14 మెట్లు. వారానికి రెండుసార్లు మొయ్యడం నాకైతే నచ్చలేదు. కింది అంతస్తులో చూడగలరా, ఇంటికి రాగలరా అని ముందు అడగండి. తప్పకపోతే కనీసం ఇద్దరు బలమైనవాళ్ళు, వీలైతే ముగ్గురు. కుర్చీ వెనకని మెట్లకి తిప్పి, వెనక్కి వంచి, పైన ఒకరు హ్యాండిళ్ళు పట్టి లాగుతుంటే కింద ఒకరు ముందు ఫ్రేము పట్టి తోస్తూ, మెట్టుకో ఆగుడు. దించేటప్పుడూ మనిషి మొహం కిందికే. చేతి ఆసరా, కాళ్ళ ఆసరా పట్టుకోవద్దు, రెండూ ఊడొచ్చేవే. హ్యాండిల్ రబ్బరు పిడి ముందే గట్టిగా గుంజి చూడండి. కుర్చీ వెనక చిన్న రక్షణ చక్రాలుంటే తీసెయ్యండి. బెల్టు తప్పనిసరి.

---

బెజవాడ_బుల్లోడు

అందరికీ చాలా థాంక్సండి. ఒక సందేహం. ర్యాంపు మీద దిగేటప్పుడు మొహం ఎత్తు వైపు, మెట్ల మీద దిగేటప్పుడు మొహం పల్లం వైపు అంటున్నారు. రెండూ వ్యతిరేకంగా ఉన్నాయే? ఇంకోటి, గాలి గొడవ లేకుండా గట్టి టైర్లు వేయించమని ఒకరన్నారు, మంచిదేనా?

---

ఫిజియో_వరంగల్

రెండూ సరైనవే. ర్యాంపు మీద నాలుగు చక్రాలూ నేల మీదుంటాయి. మొహం పల్లం వైపుంటే ఆయన సీట్లోంచి ముందుకి జారతారు, చిన్న చక్రం ఎక్కడైనా తట్టుకుంటే బోర్లా పడతారు. ఎత్తు వైపు తిప్పితే బరువు కుర్చీ వీపు మీద, తోసేవాళ్ళ మీద ఆనుతుంది. మెట్ల మీద కుర్చీ పెద్ద చక్రాల మీదే వంచి ఉంటుంది, ఆయన ఇంచుమించు పడక కుర్చీలో వాలినట్టుంటారు కాబట్టి ముందుకి జారరు. పెద్ద చక్రం మెట్టు అంచు మీద దొర్లాలన్నా, హ్యాండిల్ పట్టినవాళ్ళు పైమెట్టు మీద ఉండాలన్నా కుర్చీ వెనక భాగం పైకే ఉండాలి.

ఎత్తు ర్యాంపు ఎక్కేటప్పుడు ఆయన్ని కొంచెం ముందుకి వంగమనండి. వెనక్కి వాలి కూర్చుంటే చిన్న చక్రాలు తేలతాయి.

---

స్పానర్_పది

గట్టి టైర్లకి పంక్చరు ఉండదు, బ్రేకు పట్టు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. పంపు కొట్టే ఓపిక లేని ఇంట్లో అవే మేలు. కానీ ప్రతి కుదుపూ నేరుగా ఒంటికి తగులుతుంది, గతుకుల వీధిలో అది చిన్న విషయం కాదు. మీరు బయట తిప్పేది తక్కువే కాబట్టి వేయించుకోవచ్చు, బ్రేకు మాత్రం మళ్ళీ సర్దించాలి.

గాలి టైరే మార్చాల్సి వస్తే "24 అంగుళాలు" అని మాత్రం అడగొద్దు. సైకిలు షాపులో దొరికే 24 అంగుళాల టైర్లు వేరే రిమ్ముకి, ఎక్కవు. టైరు పక్కన 37-540 లాంటి అంకె ఉంటుంది, అది ఫొటో తీసుకుని వెళ్ళండి.

నెలకోసారి చిన్న చక్రాల ఇరుసుకి చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు బ్లేడుతో కోసి తియ్యండి. అవి పేరుకుంటేనే కుర్చీ బరువుగా నడుస్తుంది, నేరుగా పోదు. చక్రాల ఊచలు ఒక్కొక్కటీ వేళ్ళతో నొక్కి వదులైనవి బిగించండి. మధ్య మడత దగ్గరి బోల్టు ఊగుతోందేమో చూడండి. సీటు గుడ్డ స్క్రూల దగ్గర చిరుగు కనిపిస్తే ఆ రోజే మార్చండి.